సింకులో ఎముక

ఆర్డిస్ ఏప్రన్‌ని వెర్నా కట్టుకుంది.

మిన్నెసోటాలోని ఆ చిన్న ఊళ్లో, చర్చి నేలమాళిగలో ఉన్న వంటింట్లో, అంతకంటే పెద్ద నేరం ఎవరూ ఎరగరు. ఊళ్లో ఎవరు పోయినా పైన పాస్టర్ ప్రార్థన చెప్పాలి, కింద ఆర్డిస్ కాఫీ కాయాలి. కాఫీ పొడిలో గుడ్డు కొట్టి కలిపి ఆవిడ మరిగిస్తుంటే, ఏడ్చేవాళ్లు కూడా ఏడుపు కాసేపు పక్కన పెట్టి వాసన పీల్చేవాళ్లట. అలాంటి మనిషిని ఈ పూట గుమ్మంలోనే ఆపింది వెర్నా. మేకుకున్న ఏప్రన్ తను తగిలించుకుని, "ఇవాళ నువ్వు ఏదీ ముట్టుకోకక్కా, అలా కూర్చో చాలు" అంది.

కుర్చీ వేసింది. కుర్చీలో దిండు కూడా వేసింది, పనికి రాని గుర్రానికి గడ్డి పరిచినట్టు.

మిగతా ఆడవాళ్లూ తక్కువ తినలేదు. ఒకావిడ మంచినీళ్ల గ్లాసు చేతిలో పెట్టింది. ఒకావిడ పిల్లిని నిమిరినట్టు భుజం నిమిరింది. ఆర్డిస్ అటు తిరిగితే మాటలు ఆపేస్తున్నారు. అందరూ కూడబలుక్కునే చేశారన్నమాట. ఆ ఏప్రన్ మీద వెర్నా ఎప్పుడో కన్నేసిందని ఆర్డిస్‌కి తెలుసు. ఒకసారి ఎవరి చావు భోజనంలోనో కాఫీలో గుడ్డు పెంకు వచ్చిందని పదిమందిలో నవ్వింది కూడా. ఆ నవ్వు ఆర్డిస్ ఇంకా జాగ్రత్తగా దాచుకునే ఉంది.

పైన జనం చేరుతున్నారు. పువ్వుల మధ్య శవపేటిక ఇంకా తెరిచే ఉంది. ప్రార్థన అవగానే అందరూ భోజనానికి కిందికి దిగుతారు. వెర్నా కాఫీ పొడిని చెంచాతో కొలవకుండా గుప్పిళ్లతో పోస్తుంటే ఆర్డిస్ కడుపు రగిలిపోయింది. ఆ కాఫీ వాసన పైకి పాకిందంటే, పేటికలో పడుకున్న పెద్దమనిషి లేచి, టోపీ పెట్టుకుని, తిన్నగా ఇంటికి నడిచి వెళ్లిపోవడం ఖాయమనిపించింది.

బల్లల మీద గుడ్డలు పరచడానికి అందరూ పక్క గదిలోకి వెళ్లారు. ఆర్డిస్ లేచింది. హామ్, అంటే పంది తొడ మాంసం, కోసిన పళ్లెంలోంచి గట్టి ఎముక ముక్కని ఏరింది. సింకు కింద చెత్త రుబ్బే మిషను ఉంది, రుబ్బురోలుకి మోటారు కట్టి వేలాడదీసినట్టు. ఎముకని దాని నోట్లో వేసి, పైన గుప్పెడు సెలరీ కాడల నారలు కుక్కి, తిరిగి దిండు మీదికి చేరింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది, మహా భక్తురాలిలా.

వెర్నా వచ్చి బంగాళాదుంప తొక్కలు పడేసి స్విచ్చి నొక్కింది. మిషను గుర్రుమంది. మూలిగింది. ఇక మాట్లాడనని మానేసింది.

వెర్నా మళ్లీ నొక్కింది. నీళ్లు వదిలి చూసింది. చెక్క గరిటె కాడతో పొడిచింది. కాడ విరిగింది. సింకులో నీళ్లు పైకి లేస్తున్నాయి, వాటి మీద హామ్ కొవ్వు తేలుతోంది. కప్పు కడుక్కునే దారి లేదు.

ఇంత సుఖం ఆర్డిస్‌కి ఈ మధ్య కాలంలో దొరకలేదు. ఆ మిషను ఇరుక్కుంటే తిప్పే వంకర కడ్డీ ఆవిడ చేతిసంచిలోనే ఉంది. అది ఇంకొకరికి ఎన్నడూ ఇవ్వలేదు. అడగనీ, అనుకుంది. వచ్చి, తల వంచి, ఏప్రన్ విప్పి నా ఒళ్లో పెట్టి అడగనీ.

వెర్నా అడగలేదు. చెమట తుడుచుకుని, పక్క గదిలోవాళ్లని పిలిచి, కాగితం కప్పులు వాడదాం, మురికి నీళ్లు బకెట్లతో బయట మంచులో పారబోద్దాం అంది. బకెట్ అందుకుంటూ గొంతు తగ్గించి, ఏమైనా సరే ఆర్డిసక్కని మాత్రం కదపొద్దని మిగతావాళ్లకి చెప్పింది.

ఆ గొంతు తగ్గించడమే ఆర్డిస్‌కి ఒళ్లంతా కారం రాసినట్టయింది.

"తప్పుకో" అంది.

నల్ల గౌను చేతులు పైకి మడిచి నేల మీద మోకాళ్లూనింది. స్విచ్చి ఆపి ఉందో లేదో చూసుకుంది. కడ్డీని మిషను అడుగున ఉన్న బెజ్జంలో దూర్చి అటొకసారి, ఇటొకసారి తిప్పింది. లోపల కరకరలాడి ఏదో వదిలింది. సింకులో చెయ్యి పెట్టబోయిన వెర్నాని, నీకు వేళ్లు బరువయ్యాయా అని కసిరి, పట్టకారుతో ముందు నారలు, తర్వాత ఎముక బయటికి లాగింది. అడుగున ఉన్న ఎర్ర బొత్తాం నొక్కి స్విచ్చి వేసింది. మిషను బొబ్బరించి, సింకెడు నీళ్లూ ఒక్క గుక్కలో తాగేసింది.

ఆర్డిస్ ఎముకని వెర్నా ముక్కు ముందు ఆడించింది.

"ఇది నేనే వేశాను. నన్ను ఇంకోసారి మూల కూర్చోబెట్టి చూడు, ఈసారి నీ చెంచాలన్నీ వేస్తాను."

పోట్లాట వస్తుందని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. రాలేదు. వెర్నా ఏప్రన్ విప్పి, వెనక్కి వెళ్లి, తన చేత్తోనే ఆర్డిస్ నడుముకి కట్టింది. ముడి వేశాక కూడా చాలాసేపు వదల్లేదు.

ఆర్డిస్ ఆమెని విదిలించుకుని వెర్నా కాఫీని మొత్తం పారబోసింది. కొత్త నీళ్లు పెట్టింది. గెలిచిన చేత్తో గుడ్డు అందుకుంది.

అప్పుడు పాస్టర్ ఎన్‌గెన్ మెట్లు దిగి వచ్చి, ఆవిడ చేతిలోని గుడ్డు మెల్లగా తీసి పక్కన పెట్టి అన్నాడు: "ఆర్డిస్ గారూ, పేటిక మూసే ముందు మీ ఆయన్ని ఒక్కసారి చూసుకుంటారని అందరం ఆగి ఉన్నాం."