నల్లకోటు విందు

“అయ్యయ్యో, కోటు ఇంట్లోనే మర్చిపోయినట్టున్నానే!”

ఖాళీ సూట్‌కేసు ముందు కూలబడి ప్లీడరుగారు నెత్తి కొట్టుకున్నారు. నటన బాగానే కుదిరింది. కోర్టులో ఇంతకంటే బలహీనమైన సాక్ష్యాలతో కేసులు గెలిచిన మనిషి ఆయన. మర్చిపోవడం మాట అటుంచి, ఓడ ఎక్కే ముందురోజు ఆ కొత్త కోటు సంచిని జిప్పు కూడా తీయకుండా సూట్‌కేసులోంచి లాగి అటక మీదికి విసిరేసింది సాక్షాత్తూ ఆయనే.

ఏడాది పొడుగునా నల్లకోటు తగిలించుకుని చెమటలు కక్కే మనిషి సెలవులకని సముద్రం మీదికి వస్తే, ఇక్కడా నల్లకోటేనా? ఓడవాళ్ల నిబంధన మాత్రం అదే. ఆ సాయంత్రం కెప్టెన్ విందు. మగవాళ్లు నల్లకోటు వేసుకుని, మెడకి బో టై కట్టుకుంటేనే లోపలికి రానిస్తారు. లేనివాళ్లు పై డెక్ మీది ఫలహారశాలలో ఏదో ఒకటి తిని సరిపెట్టుకోవాలి. ప్లీడరుగారికి కావలసింది కూడా సరిగ్గా అదే.

అద్దం ముందు జడ సవరించుకుంటున్న భార్య వెనక్కి తిరిగి చూసింది.

“పోన్లెండి, మతిమరుపు మీకు కొత్తా? మీరు పైన తినండి, నేను విందుకి వెళ్లొస్తాను.”

“ఒక్కదానివే?”

“ఒక్కదాన్నే. మెట్ల దగ్గర జంటలకి ఫొటోలు తీస్తారట. మన పెళ్లి ఫొటోలో మీరు కళ్లు మూసేసుకున్నారు కదా. పాతికేళ్ల పెళ్లిరోజుకైనా సరిగ్గా పడతామనుకున్నాను. ఏం చేస్తాం!”

కోపం లేదు, సాధింపు లేదు. నీలం పట్టుబట్టల్లో చక్కగా నడిచి వెళ్లిపోయింది. గొడవకి సిద్ధపడి కూర్చున్న ప్లీడరుగారికి, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా సాక్షిని వదిలేసినట్టయింది. గెలిచిన ఆనందం మాత్రం ఎందుకో రాలేదు.

పై డెక్ మీద నిక్కర్లు, చెప్పులు వేసుకున్న మగవాళ్లు బోలెడంత మంది కనబడ్డారు. పక్క గదిలో దిగిన పళ్ల డాక్టరు ఐస్‌క్రీము గిన్నెతో ఆయనకి చోటిచ్చాడు.

“మీరూ కోటు మర్చిపోయారా?”

“మర్చిపోయానండీ.”

“నేనూ అంతే. చాలా శ్రద్ధగా మర్చిపోయాను!”

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. ప్లీడరుగారూ నవ్వుతూ గిన్నె పట్టుకుని రెయిలింగు దగ్గరికి వెళ్లారు. అక్కణ్ణించి కిందికి చూస్తే, అద్దాల కప్పులోంచి విందుశాల మెట్లు కనబడుతున్నాయి. ఒంటరిగా వచ్చిన మరికొందరు ఆడవాళ్లు నేరుగా లోపలికి వెళ్లిపోతుంటే, ఫొటోల వరసలో జంటలన్నీ నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఆవిడ ఒక్కతే నిలబడింది.

ఆవిడ వంతు వచ్చింది. ఫొటోగ్రాఫరు పక్కన ఖాళీ వైపు చెయ్యి చూపించి ఏదో అడిగాడు. ఆవిడ నవ్వి, వెనకున్న జంటని ముందుకు పంపించి, వరస చివరికి వెళ్లి నిలబడింది. వంతు మళ్లీ వచ్చింది. ఆవిడ మళ్లీ నవ్వి తప్పుకుంది.

ప్లీడరుగారు చెంచా గిన్నెలో పడేశారు. తన మీద తనకే రోత పుట్టింది. గిన్నె అక్కడే పెట్టేసి గదికి పరిగెత్తి, ప్యాంటూ బూట్లూ తొడుక్కుని, తెల్లచొక్కా గుండీలు మెట్ల మీదే పెట్టుకుంటూ విందుశాల గుమ్మం దగ్గరికి వచ్చి పడ్డారు.

తలుపు దగ్గర నిలబడ్డ స్టీవార్డు మర్యాదగా అడ్డుకున్నాడు. “కోటు లేనిదే కుదరదు సార్.”

“ఒక్క ఫొటో బాబూ. తీయించుకుని వెళ్లిపోతాను.”

“రూలు సార్.”

“ప్రతి రూలుకీ ఒక మినహాయింపు ఉంటుందయ్యా. నేను ప్లీడర్ని, నాకు తెలుసు.”

“ప్లీడరుగారైతే మీ దగ్గర నల్లకోటు లేకపోవడమేమిటి సార్?”

ప్లీడరుగారు చేతులు జోడించారు. ఇంక వాదించడానికేమీ మిగల్లేదు.

“ఉంది. కావాలనే ఇంట్లో పడేసి వచ్చాను. బుద్ధి తక్కువై. అదిగో, ఆ నీలం పట్టుబట్టలావిడ నా భార్య. నా వల్లే అలా ఒంటరిగా నిలబడింది. నీకు పుణ్యముంటుంది, ఏదైనా ఒక దారి చూపించు.”

స్టీవార్డు ఆవిడ వైపోసారి, ఈయన వైపోసారి చూసి పక్కనున్న బీరువా తెరిచాడు. నిండా నల్లకోట్లు వేలాడుతున్నాయి. వాటిలోంచి ఒకటి తీసి తొడిగించాడు. జేబులోంచి బో టై తీసి మెడకి కట్టాడు. కోటు భుజాల దగ్గర ఇటు పీకింది లేదు, అటు జారింది లేదు.

భర్తని చూడగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. “ఎక్కడిదండీ?”

“అరువుది.”

“బాగా నప్పింది,” అంటూ కాలరు సవరించింది. ఫొటోలో ప్లీడరుగారు కళ్లు ఇంతింత చేసుకుని నిలబడ్డారు. విందులో కోటు సంగతే మర్చిపోయి రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు.

భోజనాలయ్యాక ఆవిణ్ణి గదికి పంపి, ఆయన కోటు విప్పి స్టీవార్డు చేతికిచ్చారు.

“చాలా మేలు చేశావు బాబూ. ఈ కోటు ఎవరిదో గానీ, అచ్చం నాకు కుట్టించినట్టే ఉంది.”

“మీకు కుట్టించిందే సార్. మీరు అటక మీద పడేస్తే అమ్మగారు దించి తెచ్చారట. ఓడ ఎక్కిన రోజే నాకిచ్చి, మీ అంతట మీరు వచ్చి అడిగితేనే ఇవ్వమన్నారు.”

ప్లీడరుగారు స్టీవార్డు చేతిలోని కోటునోసారి తడిమి చూశారు. తర్వాత బీరువా వైపు వేలు చూపించారు.

“మరి… ఆ మిగతావన్నీ?”

స్టీవార్డు పై డెక్ వైపు చూసి నిట్టూర్చాడు.

“వాళ్లింకా ఐస్‌క్రీము తింటున్నారు సార్.”