రాజుగారి దాహం

బైషా సరస్సు నిండుగా ఉందని నగరంలోని కార్యాలయం నమ్ముతోంది.

సరస్సు నడిమధ్యలో గేదెలు మేస్తున్నాయి. ఆల్చిప్పలు నోళ్లు తెరుచుకుని ఎండిపోయాయి. మిగిలిన ఒక్క మడుగులో చేపలు వీపులు బయటపెట్టి ఈదుతున్నాయి. నీటిమట్టం ఎర్రగీత కిందికి దిగితేనే ఎగువ ఆనకట్ట తలుపులు ఎత్తుతారు. కార్యాలయం లెక్కలో అది దిగడం లేదు. ఇంకో వారం ఇలాగే ఉంటే ఆ మడుగూ మిగలదు.

పర్యవేక్షణాధికారి యిన్ జీపు దిగలేదు. కొత్త బూట్లు. ఒళ్లోని కంప్యూటర్ చూసి, మట్టం ఇంకాస్త పెరిగిందని, సరస్సు ఆరోగ్యం భేషుగ్గా ఉందని కిటికీలోంచే చెప్పాడు.

"కళ్లు ఆఫీసులో పెట్టి వచ్చావా నాయనా?" అంది క్వాంగ్ మామ్మ.

"కళ్లు మోసం చేస్తాయి మామ్మా. యంత్రం చెయ్యదు."

మామ్మకు ఈ కార్యాలయం వాళ్లంటే మొదటినుంచీ గిట్టదు. సరస్సును కొలుస్తామని వచ్చి, ఒడ్డున డ్రాగన్ రాజు గుడిని కూల్చింది వీళ్లే. గుడి కూలిస్తే రాజు ఎక్కడికి పోతాడు? కరువు మొదలైననాటి నుంచి ఊరి ఆడవాళ్లు పొద్దున్నే వెళ్లి, ట్యాంకరు నీళ్లలోంచి ఇంటికో బకెట్ ఆయన నోట్లో పోసి, గుప్పెడు చేమంతి రేకలు వేసి వస్తున్నారు. మామ్మ కోడలు షుయింగ్ పిల్లల స్నానాలు మాన్పించి మరీ పోస్తోంది. రాజు దాహం తీరితే వాన కురిపిస్తాడు.

ఆ సంగతి విని యిన్ పెదవి విరిచాడు.

"తాగే నీళ్లు దేవుడికి పోసేసి, సరస్సు ఎండిందని నాతో పోట్లాటా?"

"ఎంత పోసినా ఆయన కాదనడం లేదు. నువ్వే, జీతం తిని అబద్ధాలాడుతున్నావు. ఏదీ, ఆ సత్యవంతురాలైన యంత్రాన్ని చూపించు. దానికీ నాలుగు చీవాట్లు పెడతాను."

యిన్ ప్యాంటు మడిచి దిగాడు. అడుగడుక్కీ బూట్లు బురదలో దిగబడుతుంటే వెనక ఆడవాళ్లు కొంగుల్లేక చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. ఒడ్డున, ఒకప్పుడు గుడి ఉన్నచోట నిలబెట్టిన నిలువెత్తు సిమెంటు గొట్టం దగ్గర అతను ఆగాడు. మెట్టెక్కి, తుప్పు పట్టిన మూత ఎత్తాడు.

"దీన్లోకి కింది కన్నంలోంచి సరస్సు నీళ్లొస్తాయి. పైన బెండు తేలుతుంది. అది ఎంత లేస్తే సరస్సు అంత. చూడండి, మీ కళ్లతోనే చూడండి."

కింది కన్నం బురదతో పూడుకుపోయి అంచుదాకా నిలిచిపోయిన నీళ్లలో, బెండు చుట్టూ, ఆ పొద్దున మామ్మ వేసిన చేమంతి రేకలు తేలుతున్నాయి.