ఆకాశం ఎరగని రాయి

ఆ రోజు, మిగిలిన చివరి స్ఫటికాలు కూడా గాలిపాలయ్యాయి.

యంత్రపు గొట్టం ఎక్కడో సన్నగా చీలింది. అగ్నిపర్వతపు రాతిలోంచి రావలసిన పిసరంత హీలియం గదిగాలిలో కలిసిపోయింది.

పరిశోధకురాలు తల పట్టుకుని కూర్చుంది.

"లోపలికి రావచ్చా అమ్మా?" గుమ్మంలో ఎవరో పెద్దాయన.

"ప్రయోగశాల చూడ్డానికైతే సోమవారం రండి. ఇవాళ ఇక్కడ ఓ చావు జరిగింది."

"అయ్యో, ఎవరు పోయారు?"

"రాయి."

ఆయన నవ్వుతూ వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"ఆ కొండమీద పనిచేస్తున్నావని విన్నాను. అక్కడ రాళ్లకేం కరువు?"

"కొత్త లావా ఆ కొండ వాలంతా కప్పేసిందండీ. మిగిలినవి పైపైన పడున్నవే. భూమి పుట్టినప్పటి తేలిక రకం హీలియం లోలోపల ఇంకా ఉంది. దాన్ని పట్టుకుంటే లావా ఎంత లోతు నుంచి వస్తోందో చెప్పొచ్చు. కానీ అంతరిక్ష కిరణాలు తగిలిన రాతిలోనూ అదే పుడుతుంది. ఏది ఎక్కడిదో తేలదు."

"లోతు నుంచే వస్తోందని నీ నమ్మకమా?"

"నమ్మకం కాదు, ఖాయం. పైపొర నుంచేనని ఒక మహానుభావుడు పాతికేళ్లుగా అందరినీ నమ్మించాడు. ఒక్క మంచి రాయి దొరకనీయండి, ఆయన సిద్ధాంతం పిండి పిండే!"

"అయితే కొట్టాల్సిందే."

ఆయన సంచిలోంచి గుడ్డలో చుట్టిన నల్లరాయి తీసి బల్లమీద పెట్టాడు.

"ఎన్నో ఏళ్ల కిందట ఆ వాలు మీద బావి తవ్వినప్పుడు అడుగున దొరికింది. ఆకాశం ఎరగదు."

"ఇన్నేళ్లూ మీ దగ్గరే ఉందా? పరీక్ష చేయించలేదేం?"

"పగలగొట్టడానికి చేతులు రాలేదమ్మా." ఆయన రాతిని ఒకసారి నిమిరాడు. "నీకొస్తాయిలే. గట్టిగా కొట్టు."

ఆమె అప్పటికే గొట్టం బిగించే పనిలో పడింది. పేరడగాలని తోచలేదు.

రాయి నలిగింది. తేలిక హీలియం పాళ్లు గాలిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా వచ్చాయి. లావా లోతు నుంచే వస్తోంది. ఆమె చెప్పిందే నిజం.

వ్యాసం అచ్చయింది. ఆ మహానుభావుడు ఎక్కడ పొరబడ్డాడో మొదటి పేజీలోనే సూటిగా రాసింది.

ఆ ఏడు శాస్త్రవేత్తల సదస్సులో, ఈమధ్యే కన్నుమూసిన ఆ మహానుభావుడి కోసం అందరూ లేచి నిలబడ్డారు.

తెరమీద ఫొటో వేశారు.

రాయి తెచ్చిన పెద్దాయనే.

ఆమె వ్యాసంలో ఆయన పేరు పొరబడినవాడిగా ఉంది. రాయి ఇచ్చినవాడిగా ఇంకా ఎక్కడా లేదు.