ఉప్పు పట్టని రాయి

మేస్త్రి నల్లరాయిని బల్లమీద పెట్టి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఉత్తరపు గోడలోదేనా మేస్త్రీ?" తలెత్తకుండానే అడిగింది ల్యాబ్ మేడమ్.

"అక్కడిదే మేడమ్. లోపలంతా ఇదే. తవ్వితే యంత్రం పళ్లు ఊడిపోతాయి."

ఆ ఉప్పుగనిలో పాత కట్టుబాటొకటి ఉంది. గేటు దాటాక వరసలుండవు. తండ్రీకొడుకులైనా సరే, లోపల మేస్త్రి, కూలీ, అంతే. గనిలో జాలి పనికిరాదని పెద్దవాళ్లు పెట్టుకున్న లెక్క అది.

పన్నెండేళ్ల కిందట ఆ లెక్కే మేస్త్రి మెడకు చుట్టుకుంది. ఉత్తరపు సొరంగంలో యంత్రం అంటుకుంది. కింద నలభైమంది ఉన్నారు. పొగ వాళ్లదాకా పోకుండా ఇనుప తలుపు మూసేశాడు. అవతల మిగిలింది ఒక్కడే, చెల్లెలి మొగుడు, స్వయానా బావ. సుత్తితో తలుపు మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. ఆగి మళ్లీ మూడు. అవి ఆగేదాకా మేస్త్రి తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆ తర్వాతే కప్పు కూలింది.

చెల్లెలికి మాత్రం కప్పు కూలి క్షణంలో పోయాడనీ, నొప్పి కూడా తెలిసుండదనీ చెప్పాడు. పిచ్చిది, ఆ మాట పట్టుకునే ఇన్నేళ్లూ బతికింది.

ఇప్పుడు ఉత్తరానికి తవ్వుతారట. ఉప్పులో శవం చెడదు. బావ తలుపు దగ్గరే, చేతిలో సుత్తితో దొరుకుతాడు. చెల్లెలికి తెలిసిపోతుంది. తలుచుకుంటే మేస్త్రికి ముద్ద దిగడం లేదు. అటు వెళితే ఆ మూడు దెబ్బలు ఇప్పటికీ వీపుకి తగులుతాయి.

నల్లరాయి ఉందంటే తవ్వకం ఆగిపోతుంది. అందుకే రోడ్డు పక్క కంకరగుట్టలో ఓ రాయి ఏరి, వారం రోజులు ఉప్పునీళ్లలో ఊరబెట్టి తెచ్చాడు.

మేడమ్ రాయిని పగలగొట్టింది. నడిమి ముక్కని నూరి, నీళ్లలో కలిపి వడగట్టి, ఓ చుక్క మందు వేసింది.

"భూమి అడుగున కరిగి గడ్డకట్టిన రాయిని ఉప్పు పైకి మోసుకొస్తుంది మేస్త్రీ. కోట్ల ఏళ్ల ప్రయాణం. దారిలో రాయిలోని సున్నం పోతుంది, నలుపు పచ్చబారుతుంది, గుండెదాకా ఉప్పు దిగుతుంది. మందు పడితే ఈ నీళ్లు పాలలా తెల్లబడాలి."

నీళ్లు తేటగానే ఉన్నాయి.

"ఉప్పంతా పైపైనే. లోపల చప్పిడి."

మేస్త్రికి నోరు ఎండిపోయింది. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదు మరి.

"ఉన్నదే రాయండి మేడమ్. ఇంక నావల్ల కాదు."

ఆమె కాగితం లాక్కుని రాసింది. సంతకం పెట్టి అతని వైపు తిప్పింది. 'నల్లరాయి ఉంది. ఉత్తరానికి తవ్వరాదు.'

మేస్త్రి రెండుసార్లు చదివాడు. "ఇదేంటి మేడమ్? అబద్ధం రాశారు!"

ఆమె కలానికి మూత పెట్టింది.

"ఆ రోజు సొరంగం పైమెట్ల మీద నిలబడి, ఆ దెబ్బలు ఆగేదాకా నేనూ విన్నాను, అన్నయ్యా."