బజారుకెళ్లిన మామగారు

“మీ మామ ఇంకా రాలేదేం?” అత్తగారు అడిగారు.

ఆవిడకు అల్జీమర్స్. మామగారు పోయారని చెప్పినప్పుడల్లా కొత్తగా విన్నట్టు గుండెలు బాదుకుంటారు. అందుకే ఏడాదిగా ఆయన్ని మా కాన్‌థో ఊరి పడవల బజారుకు పంపుతున్నాను.

“ఆ మనిషి చేపలు కొనడానికెళ్లాడా, పెంచడానికెళ్లాడా?”

ఇవాళ ఆయన తద్దినం. పటం ముందు అన్నం, కుండలో ఉడికించిన చేప పెట్టి, అగరొత్తులు వెలిగించి పిలిచాను. పిలిస్తే పోయినవాళ్లు భోజనానికి రాకుండా ఉండరు.

“వచ్చారత్తయ్యా, తింటున్నారు.” ఏడాదిగా అబద్ధాలే చెప్పిన నోటికి ఇవాళ నిజం దొరికింది.

ఆవిడ పటాన్ని ఎగాదిగా చూశారు. “తిండి వేళకి మాత్రం దిగబడతాడు,” అంటూ ముళ్లు తీసిన చేపముక్కను ఆయన గిన్నెలో పెట్టారు.

తర్వాత నా చెయ్యి పట్టుకుని, పేరుపెట్టి పిలిచారు. “న్యా, ఇంక ఈ మనిషిని బజారుకు పంపకే.”