నోరు మంచిదికాని ఊరు

"ఆ మనిషా? మా పిల్లిని కూడా ఒక పూట ఆయనకి అప్పజెప్పను," అంది మార్లిస్ కాఫీ పోస్తూ.

లొరేన్, డెల్బర్ట్ మొహమొహాలు చూసుకున్నారు. పొద్దుటి నుంచీ ఇదే వరస. పెట్రోలు బంకులో, మంగలి షాపులో, ఇప్పుడు మార్లిస్ హోటల్లో. డన్ ప్రేరీలో ఎవరిని కదిపినా గార్లండ్ ప్రూట్ గురించి ఒక్క మంచిమాట రాలడం లేదు.

ప్రూట్ ఆ ఊరి బడులన్నిటికీ సూపరింటెండెంటు. ఇప్పుడు లొరేన్ వాళ్ల ఆల్డర్ ఫోర్డ్‌లో అదే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇంటర్వ్యూలో బాగానే మాట్లాడాడు. ఇంటర్వ్యూలో అందరూ బాగానే మాట్లాడతారు గనక, ఊరి కమిటీ తరఫున ఇద్దరు వెళ్లి, ఆ మనిషి ఇప్పుడు పనిచేస్తున్నచోట జనాన్ని ఆరా తీసి రావడం అక్కడి ఆనవాయితీ. ట్రాక్టరు విడిభాగాల కొట్టు నడిపే లొరేన్ అందుకే వచ్చింది. పశువుల డాక్టరుగా రిటైరైన డెల్బర్ట్ కారు తోలుకొచ్చాడు.

"అంత పాపం ఏం చేశాడమ్మా?" అన్నాడు డెల్బర్ట్.

"ఏం చెయ్యలేదో అడగండి. గడ్డకట్టే చలిలో క్లాసుల్లో హీటర్లు తగ్గించాడు. ఫుట్‌బాల్ ఆటలకి వాయించే పిల్లల బ్యాండు ఎత్తేశాడు. మా అడెల్ టీచరు, పాపం, పిల్లలకోసం ప్రాణం పెట్టేది, ఆవిణ్ణి ఒక్క మాటతో..." మార్లిస్ ఏప్రను చెంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇంతకీ ఎప్పటికి తేలుస్తారు?"

"సోమవారానికి."

గోడమీది పాతకాలపు ఫోను మోగింది. మార్లిస్ వెళ్లి రెండు ముక్కలు మాట్లాడి, రిసీవరు పెట్టెయ్యకుండా అలాగే తీగకి వేలాడేసి, చెర్రీ పండ్లు కూరి కాల్చిన 'పై' రెండు పెద్ద ముక్కలు తెచ్చి వాళ్ల ముందు పెట్టింది.

"ఇది మా తరఫున. తినండి లొరేన్ గారూ. సోమవారమంటే సోమవారమేనా? మళ్లీ వాయిదాలూ గట్రా ఉండవుగా?"

తన పేరు చెప్పినట్టు లొరేన్‌కి గుర్తులేదు. బంకువాడు చెప్పి ఉంటాడనుకుంది.

కారెక్కగానే డెల్బర్ట్ తేల్చేశాడు. "ఇంకేముంది, ఆ పేరు కొట్టేద్దాం. ఊరంతా ఒకే మాట."

"అదే అనుమానం. ఊరంతా ఒకే మాట మీద ఎప్పుడైనా ఉంటుందా? మన ఊళ్లో కాఫీలో పాలు పొయ్యాలా వద్దా అన్నదానికే రెండు పార్టీలు."

డెల్బర్ట్ నవ్వాడు. లొరేన్ నవ్వలేదు. కిందటి సూపరింటెండెంటుని ఎంచేటప్పుడూ ఇలాగే వెళ్లి అడిగారు. ఆ ఊరి జనం ఆయన్ని ఆకాశానికెత్తేశారు. తీసుకొస్తే, ఏడాది తిరక్కుండా సగం మంది టీచర్లు వెళ్లిపోయారు. అంతకుముందు వచ్చినాయనదీ ఇదే కథ. ఈసారి కూడా సరైన మనిషి దొరక్కపోతే ఆల్డర్ ఫోర్డ్ హైస్కూలు మూసేసి, పిల్లల్ని బస్సుల్లో పక్క కౌంటీకి తోలాల్సిందే. లొరేన్ మనవరాలు ఆ బడిలోనే తొమ్మిది చదువుతోంది. అందుకే కిందటి నెల ఊరి సభలో మైకు ముందు నిలబడి లొరేన్ కడుపులో ఉన్నదంతా కక్కేసింది. "పొగిడే ఊరి మాట నేనిక చచ్చినా నమ్మను. వదిలించుకోవాలనుకున్నవాడినే పొగుడుతారు!" అంది. హాలంతా చప్పట్లు.

"నీ ఉపన్యాసం వీడియో ఇంటర్నెట్‌లో రెండు వేలమంది చూశారటగా," అన్నాడు డెల్బర్ట్. "మన ఊరి జనాభానే ఎనిమిది వందలు. పెద్ద తారవైపోయావు."

"వేళాకోళం తర్వాత. ఆలోచించు. పనికిమాలినవాణ్ణి తలుచుకుని ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకుంటారా? ఎప్పుడు తేలుస్తారని అన్నిసార్లు అడుగుతారా? వాడు పోతాడేమోనని ఆవిడకి గుండెల్లో గుబులు. వీళ్లు ప్రూట్‌ని మనకి దక్కనివ్వకూడదని ఊరంతా కూడబలుక్కున్నారు."

"బ్యాండు ఎత్తేశాడంటే నిజంగానే ఎత్తేశాడేమో లొరేన్."

"నీకు పశువుల సంగతి తెలుసుగానీ మనుషుల సంగతి తెలీదు."

"పశువులు ఇన్ని మెలికలు పెట్టవు మరి," అని గొణిగి కారు స్టార్టు చేశాడు డెల్బర్ట్.

సోమవారం సభలో లొరేన్ గంట కొట్టినట్టు చెప్పింది. తిట్లన్నీ వల్లించి, ఒక్కో తిట్టు వెనకా ఉన్న భయం విప్పి చూపించింది. జనం మొదట నవ్వారు, తర్వాత తలలూపారు, చివరికి లేచి నిలబడ్డారు. బడుల బోర్డు ప్రూట్‌కే ఓటేసింది. మర్నాడు ప్రూట్ మూడేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. మనవరాలి బడి నిలబడినట్టేనని లొరేన్ మనసు తేలికపడింది.

తేలికపడ్డ మనసు ఊరుకోదు కదా. మార్లిస్ హోటలుకి ఫోను చేసింది.

"మీ ఎత్తు పారలేదు మార్లిస్. ప్రూట్ గారు మూడేళ్లు మావాడు."



"నిజంగానా?" మార్లిస్ గబగబా అడిగింది. "సంతకం కూడా పెట్టేశారా? వెనక్కి తీసుకోవడానికి లేదు కదా?"

"లేదు."

"అయ్యో దేవుడా! ఒక్క నిమిషం ఉండండి."

రిసీవరు గోడకి కొట్టుకుంటున్న శబ్దం. లొరేన్‌కి జాలేసింది. అనవసరంగా ఆవిణ్ణి ఏడిపించానే అనుకుంది. వస్తే నాలుగు ఓదార్పు మాటలు చెబుదామని ఫోను చెవికి ఆనించుకునే ఉంది. దూరంగా కుర్చీలు జరిగాయి. ఆ వెంటనే మార్లిస్ కేక వినిపించింది.

"ఒరేయ్, తిడితేనే తీసుకెళ్తారని నేను చెప్పలా!"