చొక్కా లోపలి డబ్బా

కండక్టరు చొక్కా లోపల చిన్న డబ్బా దాచుకుని ల్యాబు కిటికీ ముందు నిలబడ్డాడు.

రోజంతా బస్సులో "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని గొంతు చించుకునే మనిషి, ఇక్కడ నోరు మెదపలేకపోతున్నాడు.

తన వీర్యంలో కణాలే లేవని అప్పటికే తేలిపోయింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. పిల్లలు లేరని తల్లి కోడల్ని ఆడిపోసుకుంటుంటే, వినీ విననట్టు ఊరుకుంటున్నాడు.

"ఇంకో పరీక్ష ఉంది," అని కిందటి వారమే చెప్పింది ఇక్కడి డాక్టరమ్మ. "వీర్యంలో రెండు ప్రొటీన్లు కొలుస్తాం. కణాలు అసలు తయారవట్లేదా, తయారైనా దారి మూసుకుపోయి బయటికి రావట్లేదా తెలిసిపోతుంది. కోత కోసి చూడక్కర్లేదు."

దారి మూసుకుపోవడమే అయితే బాగుచేయొచ్చట. అలా తేలితే భార్యకు అంతా చెప్పేద్దామనుకున్నాడు.

"ఏం బాబూ, శాంపిలా?"

బెంచీ మీది ముసలాయన. ఆ గొంతు హాలంతా వినబడింది.

"ఒంటికి ఆనించి పెట్టుకో, చల్లారనివ్వకు. అరె, నువ్వు మన బస్సు కండక్టరువి కదూ!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కండక్టరుకి తల కొట్టేసినట్టయింది.

"నేను మా ఆవిడ రిపోర్టుల కోసం వచ్చాను."

"అందరూ అదే అంటారులే. సిగ్గెందుకయ్యా? నన్నడుగు, చెప్తా."

"మీకేం పనీపాటా లేదా? ఈ వయసులో ఇక్కడ కూర్చుని మగాళ్ల గుట్టు లాగుతున్నారా?"

ముసలాయన మొహం చిన్నబోయింది. "అది కాదు బాబూ, వెనక్కి మాత్రం పోకు," అంటూ చెయ్యి పట్టుకోబోయాడు.

కండక్టరు విదిలించుకుని బయటపడ్డాడు. డబ్బా గేటు పక్క చెత్తకుండీలో పడింది.

ఏడాది తిరిగేసరికి విడాకులయ్యాయి. వెళ్లిపోతూ భార్య ఒక్క మాటే అంది.

"మీ అమ్మ గొడ్రాలన్నందుకు కాదు, మీరు కాదననందుకు."

ఇక దాచడానికి ఇంట్లో ఎవరూ లేకపోయాక, కండక్టరు మళ్లీ ల్యాబుకి వెళ్లి శాంపిల్ ఇచ్చాడు.

డాక్టరమ్మ రిపోర్టు చూసి నవ్వింది. "మంచి కబురే. కణాలు తయారవుతున్నాయి, దారే మూసుకుపోయింది. మీ ఆవిణ్ణి కూడా తీసుకురండి, మాట్లాడదాం."

"ఆవిడ ఇప్పుడు నా దగ్గర లేదమ్మా."

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది.

బయటికొచ్చాడు. బెంచీ ఖాళీగా ఉంది.

"ఇక్కడ గట్టిగా మాట్లాడే పెద్దాయన ఉండేవారు..." అన్నాడు కిటికీలోని నర్సుతో.

"పోయారండి, మొన్న చలికాలంలో."

"అసలు ఆయనకి ఇక్కడేం పని?"

"ఈ పరీక్ష లేని రోజుల్లో, కణాలున్నాయేమోనని ఆయన్ని రెండుసార్లు కోసి చూశారు. ఏమీ దొరకలేదు. ఆ కోత ఇంకొకరికి వద్దని, ఈ పరీక్ష తయారవుతున్నప్పుడు ఏళ్ల తరబడి శాంపిళ్లిచ్చారు. ఆయనలాంటివాళ్ల వల్లే ఇది నిలబడింది."

కండక్టరు కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

"ఎవరో కండక్టరట, తన నోటి దురుసుతో తరిమేశానని ఒకటే బాధ. మళ్లీ వచ్చాడా అని పోయేదాకా అడుగుతూనే ఉన్నారు."

"అంత బాధెందుకు?"

"వయసులో ఉన్నప్పుడు ఆయనా సిగ్గుపడి ఈ కిటికీ ముందు నుంచే వెనక్కి వెళ్లిపోయారట, పిల్లల్లేరన్న నిందంతా మోసీ మోసీ వాళ్లావిడ ఇల్లొదిలేసి వెళ్లిపోయిందట."